పాకం దగ్గర మాట్లాడకూడదు

సంక్రాంతి ఇంకా వారం ఉందనగా అపార్ట్‌మెంట్ మెట్ల మీద బెల్లం పాకం వాసన. ఏలకులు పడలేదు, నెయ్యి పడలేదు, ఉత్త బెల్లం, నీళ్ళు. అందులో సన్నగా ఒక ఘాటు. ఆ ఘాటు తగిలిందంటే పాకం ఉండకట్టే దశ దాటిపోతోందన్నమాట. ఇంకో నిమిషం ఆగి పిండి పోస్తే అరిసెలకి బదులు పెంకులొస్తాయి. తలుపు వెనక ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. "నేనేమన్నానని? ముందు ఆవిడే కదా అన్నది!" పాకం పొయ్యి మీద పెట్టుకుని ఆడపడుచు గురించి పంచాయితీ!

పాత ఇళ్ళల్లో ఈ రెండూ ఒకేసారి జరిగే వీల్లేదు. పాకం దగ్గర మాట్లాడకూడదన్నది కట్టుబాటు. అరిసెల రోజున పెద్దమ్మ చెంగు దోపి పొయ్యి ముందు పీట వేసుకుందంటే పిల్లలు వసారాలోకి, మగవాళ్ళు అరుగు మీదికి. "పాకానికి దిష్టి తగుల్తుందిరా" అనేది. దిష్టి మాట పక్కన పెడితే, అసలు కారణం గిన్నెలోనే ఉంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. తరిగి, గ్లాసుడు నీళ్ళు పోసి, కరగ్గానే దించి ఒకసారి వడకట్టేవారు. బెల్లంలో ఇసుక, చెరకు పీచు లేకుండా ఉండవు. మళ్ళీ పొయ్యెక్కించాక మొదట పెద్ద పెద్ద బుడగలు, కాసేపటికి అవి చిన్నవై దట్టంగా నురుగు. అప్పుడు పళ్ళెంలో చన్నీళ్ళు పోసుకుని అందులో చుక్క వేసి చూడాలి. చుక్క చెదిరిపోతే లేత. వేలితో పోగుచేస్తే ఉండయి, నొక్కితే మెత్తగా అణిగితే అరిసెల పాకం. ఆ ఉండ పళ్ళేనికేసి కొట్టినప్పుడు టంగుమంటే దాటిపోయింది, అది వేరుశనగ అచ్చుకి పనికొస్తుంది. ఈ మూడు దశలకీ మధ్య ఉన్నది రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో ఎవరైనా "అమ్మాయికి సంబంధం ఏమైంది?" అని అడిగి, దానికి జవాబు చెప్పడానికి తల తిప్పితే చాలు, కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం నేలపాలు.

పాకం కుదిరాక గిన్నె కిందికి దించి, నెయ్యి రెండు గరిటెలు, ఏలకుల పొడి, నువ్వులు వేసి, తడిపిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. పోసేది ఒకరు, తిప్పేది ఒకరు. రెండూ ఒక్కరే చేస్తే ఉండలు కడుతుంది. దంచిన పిండంతా పట్టాలని లేదు. ఇంకా కాస్త జారుగా ఉందనగానే ఆపేయాలి, చల్లారేసరికి అదే గట్టిపడుతుంది. కొత్తగా చేసేవాళ్ళు ఇక్కడే భయపడి ఇంకో గుప్పెడు పోసేస్తారు. ఆ గుప్పెడే మర్నాడు పళ్ళకి తెలుస్తుంది.

ఈ కట్టుబాటుకి ఇంకో ఉపయోగం ఉండేదని చాలా ఏళ్ళకిగానీ అర్థం కాలేదు. ఇంటినిండా చుట్టాలున్న ఆ వారంలో, ఒక ఆడమనిషి ఎవరికీ జవాబు చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. ఆడపడుచులు దిగిన రోజే పెద్ద కోడలు "పాకం నేను పడతానత్తయ్యా" అని ముందుకొచ్చేది. అత్తగారికి తెలుసు. "సరే, నువ్వే పట్టు" అనేది, మరో మాట లేకుండా.

ఒక రోలు, రెండు రోకళ్ళు

అరిసెలకి కొత్త బియ్యం కావాలి. పాత బియ్యం పిండితో చేస్తే అరిసె గట్టిగా వస్తుంది. ముందురోజు నానేసి, మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు మార్చేవారు. మార్చకపోతే పులిసిన వాసన అరిసెల్లోకి దిగుతుంది. మర్నాడు చీకటితోనే నీళ్ళు వంపి, గుడ్డ మీద నీడన పావుగంట ఆరనిచ్చి రోట్లో పోసేవారు. ఎండలో పెట్టడం తప్పు. దంచిన పిండి పిడికిట్లో పట్టి నొక్కితే ఆకారం నిలవాలి, అంత తడి ఉండాలి. ఆ తడి ఆరితే పాకంలో సరిగా కలవదు. అందుకే జల్లించినది జల్లించినట్టు గిన్నెలో అదిమి పైన తడిగుడ్డ కప్పేవారు. ఇప్పుడు మిక్సీలో చేసేవాళ్ళు గుప్పెడు గుప్పెడు వేసుకోవాలి. జార్ వేడెక్కితే ఆ వేడికే తడి పోతుంది.

రోలు దగ్గర ఎదురెదురుగా ఇద్దరు. ఒక రోకలి దిగుతుంటే ఇంకోటి లేవాలి. దబ్, దబ్, మధ్యలో "హుఁ" అని ఊపిరి. దంపుళ్ళ పాటలు ఈ వరస తప్పకుండా ఉండటానికి పుట్టినవే. పాడేది ఒకరైనా పదం ఎక్కడ తెగుతుందో అక్కడ రోకలి పడేది. గాజుల చప్పుడు వేరే, జల్లెడ చప్పుడు వేరే. ఆ మూడు చప్పుళ్ళకీ వసారాలో పడుకున్న పిల్లలకి మెలకువ వచ్చేది.

మాటల్లేని తోడికోడళ్ళిద్దర్నీ పెద్దమ్మ ఒకే రోలు దగ్గర నిలబెట్టేది. కావాలనే. ఇద్దరి చేతుల్లో రోకళ్ళుండగా అలిగి మొహం తిప్పుకోవడం కుదరదు, తిప్పుకుంటే వేళ్ళు నలుగుతాయి. ఒకరి ఊపిరి ఒకరు వినాలి. అరగంట అయ్యేసరికి ఎవరో ఒకరు "కాస్తాగక్కా, చెయ్యి మార్చుకుంటా" అనక తప్పదు. కిందటి పండగ నుంచి లేని మాట అలా వచ్చేది. సఖ్యత కుదిరిందని చెప్పను. చెయ్యి మార్చుకోవడానికి సరిపడా మాట్లాడుకున్నారు, ఆ మూడు రోజులకీ అది చాలింది.

నడుం నొప్పి ఉన్నామెకి జల్లెడ. చూలాలికి నువ్వులు ఏరే పని. పని లేకుండా ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు, ఎందుకంటే వంటింటి గడప మీద ఖాళీగా కూర్చున్న మనిషి నోటి నుంచే సగం గొడవలు మొదలవుతాయి.

పొట్టు పొయ్యి

పిండివంటలకి కట్టెల పొయ్యి కన్నా పొట్టు పొయ్యి మేలనేవారు. కట్టె మంట ఎగుస్తుంది, తగ్గుతుంది. పొట్టు మంట ఒకే తీరున మూడు నాలుగు గంటలుంటుంది. ఇనుప బకెట్టంత పొయ్యి, అడుగున పక్కగా ఒక కన్నం. మధ్యలో నిలువుగా సీసానో గుండ్రటి కర్రనో నిలబెట్టి, కింది కన్నంలోంచి ఇంకో కర్ర అడ్డంగా దూర్చి, రెండూ లోపల తగిలేట్టు పెట్టుకోవాలి. చుట్టూ రంపపు పొట్టు పోస్తూ పిడికిలితో కుక్కాలి. నిండాక రెండు కర్రల్నీ తిప్పుతూ మెల్లగా లాగేస్తే లోపల పొగగొట్టంలాంటి దారి మిగుల్తుంది. కింది కన్నంలో కిరసనాయిలు గుడ్డ ముట్టిస్తే మంట ఆ దారిన పైకి లేస్తుంది.

వదులుగా కుక్కితే నడుమ కూలిపోతుంది, మంట ఆరి ఇల్లంతా పొగ. పొట్టు చెమ్మగా ఉంటే మొదట్నుంచీ పొగే. అందుకే రంపం మిల్లు నుంచి తెచ్చిన బస్తా నాలుగు రోజుల ముందే డాబా మీద ఆరబోసేవారు. మంట తగ్గించాలంటే కింది కన్నానికి ఇటుక ముక్క అడ్డం పెట్టడమే. ముట్టించాక మళ్ళీ పొట్టు నింపడానికి లేదు. కాబట్టి ఆ మూడు నాలుగు గంటల్లో ఏం వేయించాలో, ఏది ముందో, ఏది వెనకో ముందే అనుకునేవారు. జంతికలు ముందు, అరిసెలు తర్వాత. బెల్లం పడిన నూనె త్వరగా నల్లబడి నురుగుపెడుతుంది, దాంట్లో జంతికలు వేస్తే మచ్చలు. ఈ వరస తెలియక ముందు అరిసెలు చేసిన కొత్త కోడళ్ళు మంచినూనె రెండోసారి పొయ్యాల్సొచ్చేది, దానికి పడే మాటలు వేరే.

పొయ్యి కుక్కడం మగవాళ్ళ పని. అదొక్కటీ ఎవరూ చెప్పకుండా చేసేవారు, ఎవరి పొయ్యి ఎక్కువసేపు మండిందన్న పందెం ఒకటుండేది మరి.

మధ్యాహ్నం ఒంటిగంట

పండగ ఇంట్లో గొడవలు పిండివంటల దగ్గర పుట్టేవి కావు. మధ్యాహ్నం ఒంటిగంటకి పుట్టేవి. పొద్దుట్నుంచి రోలు, పొయ్యి, నూనె సెగ. ఇరవైమంది ఆకలిమీద ఉన్నారు. చిన్నపిల్లలు ఏడుస్తున్నారు. అప్పుడు ఒక మావయ్య వంటింట్లోకి తొంగిచూసి "ఇవాళ కూరేంటి?" అంటాడు. ఆ మాటకి పళ్ళేలు గిరాటేసిన ఇళ్ళు ఉన్నాయి.

తెలివైన ఇళ్ళల్లో వంటరోజు భోజనం సంగతి ముందే తేల్చేసేవారు. పిండివంట ఉన్న రోజు కూరలుండవు, అంతే. ఏ అల్లుడొచ్చినా సరే. మొదటి రోజు పులిహోర, పెరుగన్నం. రెండో రోజు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, మిరియాల చారు. మూడో రోజు మిగిలినవాటితో సర్దుబాటు. ఇది అందరికీ ముందే తెలుసు కాబట్టి అడిగేవాళ్ళు లేరు, అలిగేవాళ్ళూ లేరు.

పులిహోరలో కష్టమైన పని చింతపండు గుజ్జు. దాన్ని రెండు రోజుల ముందే ఉడికించి జాడీలో పెట్టేవారు. కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు. వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కగా పిసికి, పీచు తీసేసి, చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, నూనె వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. తేలకముందే దించితే పచ్చివాసన వేస్తుంది, నిలవా ఉండదు. ఆ రోజు చెయ్యాల్సింది ఇక అన్నం, పోపు. అన్నం పలుకు మీద ఉండగానే గంజి వార్చి, వెడల్పాటి బేసిన్లో పరిచి, వేడిమీదే కాస్త నూనె, పసుపు, కరివేపాకు. ఆవిరి పోయాక గుజ్జు. వేడి అన్నంలో గుజ్జు వేసి గరిటెతో కుమ్మితే ముద్ద అవుతుంది, చేత్తో కిందనుంచి పైకి తిరగెయ్యాలి. ఉప్పు కలిపినప్పుడు సరిపోయిందనిపిస్తే చాలదన్నమాట, అరగంటకి అన్నం పీల్చేసుకుంటుంది. చివర్లో చిన్న చెంచాడు ఆవపిండి కలిపే ఇళ్ళు కొన్ని. పొద్దున పదింటికి కలిపితే రాత్రి తొమ్మిదికి కూడా బావుండేది. ఎవరికి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు పెట్టుకుని తినడమే. వడ్డించే మనిషి అక్కర్లేని వంటని పండగ రోజుల్లో మించింది లేదు.

ముద్దపప్పుకి కందిపప్పు దోరగా వేయించాలి, ఎర్రబడకూడదు. అలా వేయిస్తే వాసన బావుంటుంది. పదిమందికి అరకిలో. ఉడికాక ఉప్పు, ఎక్కువ నీళ్ళు ఉంటే వార్చి ఆ కట్టు చారులో పోసుకోవడం. నూనె వాసనతో రోజంతా వేగినవాళ్ళకి అన్నం సయించదు, వాళ్ళకి మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేసిన చారే దిగుతుంది.

సాయంత్రానికి పొట్టు పొయ్యిలో మంట ఆరినా నిప్పు మిగిలేది. అందులో వంకాయలు. నూనె రాసి, పుల్లతో నాలుగు పోట్లు పొడిచి పడేసేవారు. పొడవకపోతే లోపలి ఆవిరికి పగిలి బూడిద పడుతుంది. తొక్క నల్లగా మాడి, కాయ కుంగితే అయినట్టు. తొక్క తీసి, అదే నిప్పులో కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, నానిన చింతపండు వేసి చేత్తో మెదిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఆ రాత్రికి కూర, పచ్చడి రెండూ అదే. నిప్పు అడుగున పిల్లలు దాచిన చిలగడదుంపలు వేరే.

ఇంకో నియమం గురించి చెప్పాలి. రెండింటి నుంచి నాలుగింటి దాకా వంటింటి తలుపు గొళ్ళెం. మంచినీళ్ళ బిందె, గ్లాసు బయట పెట్టేసి పెద్దమ్మ అక్కడే చాప వేసుకుని పడుకునేది. కాఫీ నాలుగింటికే. "ఒక్క కాఫీ చుక్క" అని తలుపు తట్టిన అల్లుడుగారికి కూడా లోపల్నుంచి గురకే సమాధానం. నిజం గురకో కాదో ఎవరూ కనుక్కోలేదు.

ఆ రోజులే బావుండేవి అనడం తేలిక. అన్ని ఇళ్ళల్లోనూ ఈ గొళ్ళెం లేదు. ఇరవైమందికీ వడ్డించి, మూడున్నరకి అడుగంటిన గిన్నె ముందు కూర్చున్న కోడళ్ళే ఎక్కువ. చేతి మీద నూనె బొట్ల మచ్చలు ఒక్కో పండగకి ఒకటి చొప్పున లెక్కపెట్టుకునేవాళ్ళు.

గొట్టం ఎవరికి, చెక్కలు ఎవరికి

జంతికలకి నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు పుట్నాల పిండి. వాము, నువ్వులు, కారం, ఉప్పు, నాలుగు చెంచాల వెన్న. వెన్న ముందు పొడి పిండిలో బాగా రుద్ది, తర్వాత వేడినీళ్ళు. వెన్న తక్కువైతే రాయి, ఎక్కువైతే నూనెలో వెయ్యగానే విడిపోయి ఇసుకలా అడుగుకి దిగుతుంది. అలా దిగితే మిగతా పిండిలో ఇంకో గుప్పెడు బియ్యప్పిండి కలిపి చూడాలి. పిండంతా ఒకేసారి తడపకూడదు. తడిసి చాలాసేపు ఉన్న పిండి జంతికలు నూనె లాగి ఎర్రగా వస్తాయి. వేగిందో లేదో రంగు చూసి చెప్పలేం, నురుగు చూడాలి. చుట్టూ బుసబుసలాడే నురుగు అణిగిందంటే లోపలి తడి పోయినట్టు.

ఇత్తడి గొట్టం నొక్కడానికి బలం కావాలి. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకి మాటామాటా వచ్చిన ఏడాది, ఇంట్లో మొహం ముడుచుకుని తిరిగే చిన్నమావయ్య చేతికి పెద్దమ్మ ఆ గొట్టమే ఇచ్చేది. ఆ కోపంతో నొక్కితే పిండి సర్రున దిగేది. "కాగితాల మాట కనుమ వెళ్ళాక" అన్నది ఆవిడ పెట్టిన హద్దు. ఆ మూడు రోజులూ పొలం మాట ఎత్తినవాడికి కాఫీ లేదు. బెదిరింపు చిన్నదే, కానీ కాఫీ ఆవిడ చేతిలో ఉంది.

అరిసెల దగ్గర ముగ్గురు. ఆకు మీద నూనె రాసుకుని ఒత్తేది ఒకరు, బూరెల మూకుడు దగ్గర వేయించేది ఒకరు, తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేది ఒకరు. మంట మధ్యస్థంగా ఉండాలి. నూనె కాగకుండా వేస్తే అరిసె విచ్చుకుంటుంది, పొగ వచ్చేలా కాగితే పైన నలుపు, లోన పచ్చి. వేడి మీద ఉండగానే ఒత్తాలి, చల్లారాక ఒత్తితే విరుగుతుంది. అందుకే వేయించే మనిషికీ ఒత్తే మనిషికీ పొత్తు కుదరాలి. ఇక్కడ మాత్రం పడనివాళ్ళని పెట్టేది కాదు పెద్దమ్మ. రోలు దగ్గర కోపానికి నష్టం లేదు, సలసల కాగే నూనె దగ్గర ఉంది.

మొదటి అరిసె ఎప్పుడూ పరీక్షకే. నూనెలో విడిపోతే పాకం లేత, చలిమిడిలో, అంటే పాకం పిండి కలిపిన ముద్దలో, కాస్త పిండి కలిపి పిసకాలి. మరీ గట్టిగా ఉంటే గోరువెచ్చటి పాలు చిలకరించి మెదపాలి. విరిగిన ఆ మొదటి ముక్క కోసం గుమ్మం దగ్గర పిల్లల వరస. తీసి ఉంచిన చలిమిడి ముద్ద అత్తారింటికి వెళ్ళే ఆడపిల్ల సారెలోకి.

కరీంనగర్, వరంగల్ వైపు ఇళ్ళల్లో ఈ సందడంతా సకినాల చుట్టూ. కిలో బియ్యం నాలుగైదు గంటలు నాని, తడిపిండి మెత్తగా జల్లించి, పావు కిలోకి కొంచెం తక్కువ నువ్వులు, వాము, ఉప్పు. కారం వెయ్యరు. చన్నీళ్ళతో కలిపి, ఉతికిన పాత పంచె పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలిపెడుతూ నాలుగైదు చుట్లు. పిండి బరకగా ఉంటే మెలి తెగుతుంది, జారుగా ఉంటే చుట్లు అతుక్కుపోతాయి. గుడ్డ తడి పీల్చుకున్నాక అట్లకాడతో ఎత్తి నూనెలోకి. తడిమీద వేస్తే చిటపటలాడి మీద పడుతుంది, మరీ ఆరనిస్తే ఎత్తేటప్పుడే విరుగుతుంది. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, వాడకట్టులో పదిమంది ఆడవాళ్ళు ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులేసుకునేవారు. పంచె చుట్టూ కూర్చున్నప్పుడు చూపు పిండి మీద ఉంటుంది కాబట్టి మొహం చూసి చెప్పలేని మాటలు అక్కడ బయటికొచ్చేవి. అత్త మీద, మొగుడి మీద, అప్పుల మీద. పంచె నిండేసరికి సగం బరువు దిగేది. అరిసెల వాళ్ళకి మౌనం, సకినాల వాళ్ళకి మాటలు, ఎవరి వంటకి తగ్గ మందు వాళ్ళకి.

కాకి కూడా కదలని రోజు

భోగి, సంక్రాంతి గడిచిపోయేవి. మంటలు, తలస్నానాలు, భోగిపళ్ళు, కొత్తబట్టలు, ఊపిరి సలిపేది కాదు కాబట్టి పోట్లాటకి తీరిక లేదు. చిక్కంతా కనుమ నాడు. "కనుమ నాడు కాకైనా కదలదు" అన్నారు కదా, ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. మూడు రోజులుగా ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు, చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ అయిపోయినవాళ్ళు, ఇంకో రోజు ఉండి తీరాలి.

ఆ రోజుకి గారెలు ఎవరు పెట్టారోగానీ మంచి పని చేశారు. కనుమ నాడు మినుము తినాలంటారు. కిలో పొట్టు మినప్పప్పు నాలుగైదు గంటలు నానేస్తే, పొట్టు గాలించడానికే ముగ్గురు కావాలి. బావి దగ్గర బేసిన్లు వేసుకుని, నీళ్ళు పోసి, చేతులతో పిసికి, తేలిన పొట్టు వంపి, మళ్ళీ నీళ్ళు. జనవరి ఎండ వీపున పడుతుంటే ఆ పని హాయిగానే ఉండేది. రుబ్బేటప్పుడు నీళ్ళు పొయ్యకూడదు, పొత్రం తిరగనంటే చిలకరించాలి. ఉప్పు చివర్న, వేయించబోయే ముందు. ముందే వేస్తే పిండి నీరు వదిలి జారవుతుంది, జారు పిండి గారె నూనె తాగుతుంది. మధ్య కన్నం అందానికి కాదు, లోపలి దాకా వేగడానికి. నాటుకోడి పులుసు ఉన్న ఇంట్లో పులుసు, లేనిచోట అల్లం పచ్చడి. వేడివేడి గారె నోట్లో ఉండగా ఎవరు పోట్లాడతారు? పోట్లాట సాయంత్రానికి వాయిదా పడేది, సాయంత్రానికి నిద్ర.

డబ్బాలు

మర్నాడు ప్రయాణాలు. అసలు పరీక్ష అప్పుడు. "పెద్దదానికి రెండు డబ్బాలు పెట్టారు, నాకు ఒకటే" అన్న మాట ఇరవై ఏళ్ళయినా చావదు. పెద్దమ్మ దగ్గర కొలత డబ్బా ఒకటి ఉండేది, పాత డాల్డా డబ్బా. నడవలో చాప పరిచి, అందరి స్టీలు డబ్బాలూ మూతలు తీసి వరసగా పెట్టించి, ఆ డాల్డా డబ్బాతో అందరికీ ఒకే కొలత, అందరి కళ్ళెదుటా. అరిసెలు మాత్రం లెక్కపెట్టేది, మనిషికి పాతిక. కిలోకి నలభై పైచిలుకు వస్తాయి కాబట్టి ఎన్ని కిలోలు పొయ్యాలో డిసెంబర్‌లోనే ఆవిడ నోటి లెక్కలో ఉండేది. విరిగినవి ఎవరి డబ్బాలోకీ వెళ్ళవు, అవి ఇంటికే.

డబ్బాల్లో సర్దేది పూర్తిగా చల్లారాకే. వెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరికి జంతికలు మెత్తబడతాయి, అరిసెలకి బూజు. జంతికలు, అరిసెలు ఒకే డబ్బాలో పెట్టకూడదు, అరిసె చెమ్మ జంతికకి పడుతుంది. అడుగున కాగితం, పైన కాగితం. డబ్బా మూత బిగించాక పెద్దమ్మ దాని మీద అరచేత్తో ఒక్కటి చరిచేది. ఆ చప్పుడు ఎన్నిసార్లు వినబడితే అన్ని కుటుంబాలు వెళ్ళిపోయినట్టు.

బండి మలుపు తిరిగాక ఇంట్లో మిగిలేది పాకం పట్టిన పెద్ద గిన్నె. అడుగున గట్టిపడిన బెల్లం పీచు పెట్టి తోమినా రాదు, తోమకూడదు కూడా. నిండా వేడినీళ్ళు పోసి వదిలేస్తే గంటకి దానంతటదే కరుగుతుంది. ఆ తియ్యటి నీళ్ళు పెద్దమ్మ కుడితి తొట్లో పోసేది. గేదె మూతి తొట్టి అడుక్కి ఆనించి చప్పుడు చేస్తూ తాగుతుంటే, పక్కనే గోడకి జారబడి, మూడు రోజుల తర్వాత మొదటిసారి తన కాఫీ తను తాగేది.